ఆ గుర్తింపు ఏ బ్రాంచిది సార్?

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైన దగ్గర్నుంచి మీ పేపర్ తిరగేస్తుంటే వార్తల కంటే కాలేజీల ప్రకటనలే ఎక్కువ కనిపిస్తున్నాయి. తప్పు పట్టడం లేదు, పేపర్ నడవాలంటే ప్రకటనలు ఉండాల్సిందే. కానీ మొన్న ఆదివారం జిల్లా పేజీల్లో ఒక పక్క ‘గుర్తింపు ఉన్న కాలేజీలోనే చేరండి’ అని సలహా వేశారు, దాని ఎదురు పేజీ నిండా ఒక కాలేజీ ప్రకటన వేశారు, ఆ ప్రకటన నెత్తిన ‘ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కాలేజీ’ అని బంగారు రంగు ముద్ర ఒకటి. ఆ రెండూ చదివిన మా బావ పేపర్ మడిచి చంకలో పెట్టుకొని పాకాల నుంచి బస్సెక్కి తిరుపతిలో మా ఇంటికి వచ్చేశాడు. తోతాపురి కాయల ట్రాక్టరు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో ఉంటే, దాన్ని కూడా తమ్ముడికి అప్పజెప్పి మరీ వచ్చాడు. నా ఉత్తరం ఆ బంగారు ముద్ర గురించే. ఎన్‌బీఏ అంటే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్, ఇంజినీరింగ్ చదువులను తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే సంస్థ.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ఈ చుట్టుపక్కలే ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఎనిమిదేళ్లు ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి, పాఠాలు చెప్పాను. ఎన్‌బీఏ కమిటీ వచ్చే ముందు నెలల తరబడి రాత్రి తొమ్మిది, పది దాకా కూర్చొని ఫైళ్లు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. జీతం నాలుగు నెలలకోసారి వస్తుంటే విసుగొచ్చి మానేశాను, ఇప్పుడు ఇంట్లోనే డిప్లొమా పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటున్నాను. కాబట్టి ఈ ముద్ర లోపలి సంగతి కొంచెం తెలుసు.

మా బావ వచ్చీ రాగానే అడిగిందొకటే. “దీనికి గుర్తింపు ఉండాదంట కదమ్మా, పాపని దీంట్లో ఏఐలో వేసేద్దామా?”

ఈ ఒక్క ప్రశ్నలోనే తిరకాసంతా ఉంది. ప్రకటనల్లో ఏఐసీటీఈ, న్యాక్, ఎన్‌బీఏ, అటానమస్ అని నాలుగైదు మాటలు వరసగా పేర్చేస్తారు, చదివేవాళ్లకు అన్నీ ఒకటే అనిపిస్తాయి. ఏఐసీటీఈ అంటే దేశం మొత్తానికి సాంకేతిక విద్య మండలి, దానిది అనుమతి, అంటే కోర్సు నడుపుకోవడానికి లైసెన్సు లాంటిది, అది లేకుండా కన్వీనర్ కోటాలో సీట్లే ఉండవు కాబట్టి దాన్ని గొప్పగా వేసుకోవడమే విడ్డూరం. న్యాక్ కాలేజీ మొత్తాన్ని చూసి ఏ++ నుంచి కింద దాకా గ్రేడు ఇస్తూ వచ్చింది. అటానమస్ అంటే సిలబస్, పరీక్షలు కాలేజీయే పెట్టుకుంటుంది, పట్టా మాత్రం యూనివర్సిటీది, మన వైపు ఎక్కువగా అనంతపురం జేఎన్‌టీయూది. ఇక ఎన్‌బీఏ. 1994లో ఏఐసీటీఈ కిందే మొదలైంది, 2010లో విడిగా స్వతంత్ర సంస్థ అయింది. ఇది కాలేజీకి గుర్తింపు ఇవ్వదు. బ్రాంచికి ఇస్తుంది. మెకానికల్‌కి విడిగా, ఎలక్ట్రానిక్స్ బ్రాంచి ఈసీఈకి విడిగా, కంప్యూటర్ సైన్స్ బ్రాంచి సీఎస్ఈకి విడిగా ఇస్తుంది, అదీ మూడేళ్లకో ఆరేళ్లకో, ఆ గడువు అయిపోతే మళ్లీ మొదటి నుంచి రావాలి. అంటే ‘ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కాలేజీ’ అన్న మాటే తప్పు. అలాంటి వస్తువు లోకంలో లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక బ్రాంచి ఎన్‌బీఏకి దరఖాస్తు పెట్టుకోవాలంటే దాంట్లోంచి కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వచ్చి ఉండాలి. సీఎస్ఈకి తోకలు తగిలించి ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని మొదలుపెట్టారు కదా, 2020లో పెట్టిన చోట మొదటి బ్యాచ్ 2024లో, రెండో బ్యాచ్ 2025లో బయటికొచ్చింది. 2022లోనో 2023లోనో పెట్టిన చోట ఇంకా అర్హతే రాలేదు. మరి ఆ కాలేజీ గేటు మీద ముద్ర ఎవరు సంపాదించింది? చాలా చోట్ల మెకానికల్ వాళ్లు, ఈసీఈ వాళ్లు, మా ట్రిపుల్ ఈ వాళ్లు. ఇప్పుడు ఆ మెకానికల్‌లోనే సీట్లు తగ్గించి, ఆ మేరకు ఏఐలో పెంచుకుంటున్నారు. 2024 నుంచి ఏఐసీటీఈ సీట్ల పరిమితిని కూడా సడలించింది కాబట్టి బాగా నడుస్తున్న కాలేజీలకు ఇక అడ్డులేదు. మెకానికల్ లెక్చరర్లను పైథాన్ నేర్చుకొని రమ్మంటున్నారు, నాతో పనిచేసిన ఒకాయన యాభై ఏళ్ల వయసులో యూట్యూబ్ చూసి నేర్చుకొని మరుసటి రోజు అదే పాఠం చెప్తున్నాడు. మూసేస్తున్న బ్రాంచి తెచ్చిన పేరు చూపించి, గుర్తింపు లేని బ్రాంచిలో సీట్లు అమ్ముకుంటున్నారు. అబద్ధం చెప్పారా అంటే లేదు, ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ‘అర్హత గల కోర్సులకు’ అని ఉంటుంది, భూతద్దం పెట్టుకుంటే కనిపిస్తుంది.

మా బావకు ఇది నోటితో చెప్తే నమ్మలేదు. “అంత పెద్ద కాలేజీ వాళ్లు అట్లేస్తారా” అన్నాడు. సరేనని పాపనీ వెంటబెట్టుకొని బాలాజీ కాలనీ దగ్గర వెబ్ ఆప్షన్లు పెట్టే నెట్ సెంటర్‌కి వెళ్లాం. అక్కడ పిల్లలూ పెద్దలూ కిక్కిరిసి ఉన్నారు, ప్రతి ఒక్కరి చేతిలో ర్యాంకు కార్డు జెరాక్స్, దాని వెనక పెన్నుతో రాసుకున్న కాలేజీ కోడ్లు. నెట్ సెంటర్ అబ్బాయికి ఎన్‌బీఏ వెబ్‌సైట్ తెరవమంటే “అదెందుకు మేడమ్, ఎవరూ అడగరు” అన్నాడు. తెరిచాం. కాలేజీ పేరు కొడితే బ్రాంచిల వారీగా పట్టిక వచ్చింది. ట్రిపుల్ ఈకి ఉంది కానీ గడువు కిందటేడు జూన్ 30తోనే అయిపోయింది. ఈసీఈకి ఇంకా నడుస్తోంది. మామూలు సీఎస్ఈకి ఉంది. ఏఐ అండ్ ఎంఎల్ అన్న మాటే ఆ పట్టికలో లేదు. మా బావ స్క్రీన్ మీద వేలుపెట్టి పైనుంచి కింద దాకా రెండుసార్లు వెతికాడు. వెనకాల లైన్లో నిలబడున్న ఒక పెద్దాయన “మాదీ ఒకసారి చూడమ్మా” అన్నాడు, ఆ తర్వాత ఇంకొకాయన. నెట్ సెంటర్ అబ్బాయి నా వైపు కోపంగా చూశాడు, పాపం అతని బేరం పోతోంది.

సరే, లేదని తేలింది. లేకపోతే ఏమవుతుంది? దీనికి రెండు మాటల్లో జవాబు లేదు.

మా కాలేజీకి కమిటీ వచ్చిన రోజులు చెప్తాను. మా మెషీన్స్ ల్యాబ్‌లో ఒక డీసీ మోటారు, జనరేటర్ సెట్ కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి రెండేళ్లుగా మూలన పడి ఉండేది. బ్రష్‌లు తెప్పించమని నేను నాలుగుసార్లు ఇండెంట్ పెట్టాను, ఆ సెట్ ఎంత, ఆ బ్రష్‌లు ఎంత, అయినా నాలుగుసార్లూ వెనక్కే వచ్చింది. ఎన్‌బీఏ వాళ్లు ఫలానా శుక్రవారం వస్తున్నారనగానే వారం రోజుల్లో బ్రష్‌లు, కొత్త అమ్మీటర్లు, నేలకు రబ్బరు మ్యాట్లు, గోడకు షాక్ కొడితే ఏం చేయాలో చెప్పే చార్టు, అన్నీ వచ్చేశాయి. పెయింటు వాసన ఇంకా పోలేదు. లైబ్రరీలో పుస్తకాలు, హాస్టల్ నీళ్ల ట్యాంకు కూడా అదే వారంలో బాగుపడ్డాయి. కాబట్టి ఎన్‌బీఏ వల్ల లాభం లేదని నేను ఎప్పుడూ అనను. ఆ కమిటీ రాకపోయి ఉంటే ఆ మోటారు ఇప్పటికీ తిరిగేది కాదు.

అదే వారంలో ఇంకో పని కూడా జరిగింది. పిల్లలందరికీ కాలేజీ విజన్, మిషన్ బట్టీ పట్టించాం. ఏ సబ్జెక్టు నేర్చుకుంటే ఏ సామర్థ్యం వస్తుందో ఒకటి, రెండు, మూడు అంకెలతో నింపే పట్టికలు ఉంటాయి, కోర్స్ అవుట్‌కమ్‌లు అంటారు, అవన్నీ మూడేళ్లవి ఒక్కసారిగా కూర్చొని నింపాం. మూడేళ్ల కిందట జరిగిన పరీక్షకి ఈరోజు అంకె వేయడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి. నేను చేసిన తప్పు కూడా అది, దాచుకోను.

కమిటీ మూడు రోజులు ఉంటుంది. మా బ్రాంచికి వచ్చిన ఇద్దరిలో ఒకాయన పెద్దవాడు, మేం పేర్చిపెట్టిన ఫైళ్లలో రెండు తిప్పి మూసేసి నేరుగా ల్యాబ్‌లోకి వచ్చాడు. విజన్, మిషన్ గడగడా అప్పజెప్పే అబ్బాయిని ముందు నిలబెట్టాం, ఆయన వాడిని దాటుకొని వెళ్లి వెనక నిలబడిన నగరి అమ్మాయిని అడిగాడు, “ఈ మోటారుకి స్టార్టర్ ఎందుకమ్మా?” అని. ఆ పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసి, “ఆగి ఉన్నప్పుడు బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు కదా సార్, నేరుగా కరెంటిస్తే ఆర్మేచర్ కాలిపోతాది, అందుకని ముందు రెసిస్టెన్స్ పెట్టి, తిరిగే కొద్దీ తీసేస్తాం” అంది. అంతటితో ఆగకుండా “మా ఇంట్లో మరమగ్గాలుండాయి సార్, మోటార్లు కాలిపోతే మా నాయన రీవైండింగ్‌కి నాతోనే పంపిస్తాడు” అని కూడా చెప్పింది. ఆయన నవ్వాడు, పక్కనున్న స్టూలు లాక్కొని పది నిమిషాలు ఆ పిల్లతోనే మాట్లాడాడు. మాకు మూడేళ్ల గుర్తింపు వచ్చింది. ఆ పట్టికల వల్ల వచ్చిందా, ఆ పిల్ల వల్ల వచ్చిందా అని స్టాఫ్ రూమ్‌లో చాలా రోజులు వాదించుకున్నాం.

ఆ పెద్దాయన లాంటివాళ్లే అన్ని చోట్లకీ వెళ్తారని కాదు. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనే ఒక విద్యాసంస్థకు ఏ++ గ్రేడు ఇచ్చేందుకు లంచం తీసుకున్నారన్న ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందం వాళ్లనే సీబీఐ అరెస్టు చేసింది, మీ పేపర్లోనే చదివాను. అది న్యాక్, ఇది ఎన్‌బీఏ, నిజమే, కానీ చదివినవాళ్లకు ఏ ముద్ర మీదైనా అనుమానం రాక మానుతుందా.

ఇక ఉద్యోగాల సంగతి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాంపస్‌కి వచ్చినప్పుడు పదో తరగతి నుంచి శాతం ఎంత, బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయా, కోడింగ్ టెస్ట్ పాసయ్యావా అని చూస్తాయి కానీ నీ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా అని అడగడం నేను ఎనిమిదేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఎంటెక్ కోసం రాసే గేట్ పరీక్షకి అది అక్కర్లేదు. అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లే పిల్లలను కూడా సాధారణంగా మార్కులు, ఇంగ్లిష్ పరీక్ష అడుగుతారు తప్ప దీని గురించి కాదు. కాబట్టి సాఫ్ట్‌వేరే లక్ష్యం అనుకున్న పిల్లలు దీని కోసం టెన్షన్ పడాల్సింది తక్కువే.

కానీ ఇంజినీర్ అన్న పేరుతోనే పరాయి దేశంలో పనిచేయాలనుకునేవాళ్లకు లెక్క వేరు. మన రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లని ఇల్లు తక్కువ కదా. 2018లో కువైట్ వాళ్లు ఉన్నట్టుండి ఒక నిబంధన పెట్టారు, ఇంజినీర్‌గా ఇకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, రెన్యూవల్ కావాలంటే అక్కడి ఇంజినీర్ల సొసైటీ నుంచి ఎన్‌ఓసీ తేవాలని. ఆ సొసైటీ మన ఎన్‌బీఏ జాబితా ముందు పెట్టుకొని కూర్చుంది. అప్పటికే ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తున్నవాళ్లు వేల మంది ఇరుక్కుపోయారు. మా దగ్గర చదివి వెళ్లిన ఒకబ్బాయి రాత్రి పదకొండుకి ఫోన్ చేసి “మేడమ్, మా బ్యాచ్‌కి ఎన్‌బీఏ ఉండిందా?” అని అడిగాడు. మర్నాడు పాత ఫైళ్లు తీసి చూస్తే వాడు పాసైన ఏడాది సరిగ్గా పాత గడువు అయిపోయి, కొత్తది రాని ఖాళీలో పడింది. ముందు బ్యాచ్‌కి ఉంది, తర్వాత బ్యాచ్‌కి ఉంది, వాడికి లేదు. అదే క్లాసు, అదే ల్యాబ్, అదే నేను. చివరికి ఇకామాలో ఇంజినీర్ అన్న హోదా మార్పించుకొని అదే పని చేసుకుంటున్నాడు. ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి గడువు తేదీ చూడకుండా ఏ కాలేజీ పేరూ ఎవరికీ చెప్పను.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి చోట్లకైతే వాషింగ్టన్ ఒప్పందం అని ఒకటుంది. 1989లో ఆరు దేశాల సంస్థలు కలిసి మొదలుపెట్టిన ఈ ఒప్పందంలో ఒకరు గుర్తించిన ఇంజినీరింగ్ కోర్సును మిగతావాళ్లూ సమానంగా చూస్తారు. మన ఎన్‌బీఏకి 2014 జూన్‌లో దాంట్లో పూర్తి సభ్యత్వం వచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది, ప్రకటనల్లో ఎక్కడా రాయరు. ఎన్‌బీఏలో టైర్ 1, టైర్ 2 అని రెండు రకాలు. యూనివర్సిటీలు, ఐఐటీల లాంటివి, అటానమస్ కాలేజీలు టైర్ 1 కింద వస్తాయి, యూనివర్సిటీకి మామూలుగా అనుబంధంగా ఉన్న కాలేజీలు టైర్ 2. ఆ అంతర్జాతీయ గుర్తింపు టైర్ 1 కోర్సులకే. టైర్ 2 కాలేజీ వాళ్లు కూడా ప్రకటనలో భూగోళం బొమ్మ వేసుకుంటున్నారు, ఎందుకు వేశారని ఎవరూ అడగడం లేదు కదా.

మరి బ్రాంచి ఎంచుకునేటప్పుడు దీన్ని ఎంత లెక్కలోకి తీసుకోవాలి? నా మాటగా చెప్తున్నాను, ఎవరైనా ఒప్పుకోకపోతే రాయొచ్చు. ముందు పిల్లకు ఏది ఇష్టమో అది. ఆ తర్వాత ఆ బ్రాంచిలో, ఆ కాలేజీలో పాఠం చెప్పే మనుషులు ఉన్నారా అన్నది. ఎన్‌బీఏ మూడోది. ఇష్టం లేని సివిల్‌కి గుర్తింపు ఉందని దాంట్లో చేర్చడం ఎంత తెలివితక్కువో, గుర్తింపు, లెక్చరర్లు, ల్యాబ్ ఏమీ లేకపోయినా పేరులో ఏఐ ఉందని చేర్చడం అంతకు రెట్టింపు తెలివితక్కువ. మనుషులున్నారో లేదో చూడ్డానికి ఒక లెక్క ఉంది. ఏఐసీటీఈ ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఏడాదికి 240 సీట్లున్న బ్రాంచి అంటే, ఎన్‌బీఏ లెక్కలో, రెండో ఏడు నుంచి నాలుగో ఏడు దాకా 720 మంది, డిప్లొమా నుంచి వచ్చి చేరేవాళ్లు కాకుండానే. అంటే 36 మంది లెక్చరర్లు ఉండాలి. కాలేజీకి వెళ్లి ఆ బ్రాంచి స్టాఫ్ రూమ్‌లో ఎన్ని కుర్చీలున్నాయో లెక్కపెట్టండి, వెబ్‌సైట్‌లో ఉన్న పేర్లు కాదు. నేను పనిచేసిన రోజుల్లో ఎన్‌బీఏ వేసే 1000 మార్కుల్లో అన్నిటికంటే ఎక్కువ, 200, అధ్యాపకులకే ఉండేవి. వాళ్లకు తెలిసిన సంగతి మనకు తెలియకపోతే ఎలా?

ఇంకోటి. మా బావ కూతురు ట్రిపుల్ ఈ తీసుకుంటానంటే ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ, రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, తడ పక్కన శ్రీసిటీ, ఇవన్నీ కళ్ల ముందు పెట్టుకొని ఈ జిల్లాలో మెకానికల్, ట్రిపుల్ ఈ లాంటి కోర్ బ్రాంచిలకు భవిష్యత్తు లేదంటారు. అక్కడ జీతాలు మొదట్లో తక్కువే, నేను కాదనను, కానీ లేదనడం వేరు.

మీకు నా విన్నపం ఒకటుంది. బంగారం ప్రకటనలో క్యారెట్లు వేసినట్టు, కాలేజీ ప్రకటన తీసుకునేటప్పుడు ఏ బ్రాంచికి గుర్తింపు, ఏ తేదీ దాకా, టైర్ 1 ఆ టైర్ 2 ఆ అన్నది మామూలు సైజు అక్షరాల్లో వేయమని అడగండి. ఆదాయం పోతుందంటారా, పోదు, వాళ్లకు మీ పేజీ కావాలి. కౌన్సెలింగ్ నడిపే అధికారులకు కూడా ఇదే చెప్తున్నాను, వెబ్ ఆప్షన్ల పేజీలో కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ ఉన్న చోటే గుర్తింపు గడువుకి ఇంకో గడి పెట్టడానికి ఖర్చేమీ కాదు. వివరాలన్నీ ఎన్‌బీఏ దగ్గర ఉన్నవే. ఊళ్లలో నుంచి వచ్చే తల్లిదండ్రులందరికీ నాలాంటి మరదలు ఉండదు.

మా పాప చివరికి ట్రిపుల్ ఈ మొదటి ఆప్షన్‌గా పెట్టింది, ప్రకటన వేసిన కాలేజీలో కాదు, వేరే దాంట్లో. అక్కడ గడువు ఇంకా నడుస్తోంది. మా బావకు లోపల ఇంకా పీకుతూనే ఉంది, “ఊర్లో అడిగితే ఏమని చెప్పేది, కరెంటు చదువు అనాలా?” అంటాడు. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు ఒకసారి ల్యాబ్ చూద్దామని ముగ్గురం ఆ కాలేజీకి వెళ్లాం. మెషీన్స్ ల్యాబ్‌కి తాళం వేసుంది. అటెండర్‌ని పిలిచి తీయమంటే, బీరువా పక్కన మేకుకు ఉన్న తాళాల గుత్తి తీసుకుంటూ నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసి అడిగాడు, “ఎవురు మేడమ్ మీరు, ఎన్‌బీఏ వాళ్లా?”

కాదు, చేరబోయే పిల్ల వాళ్లం అన్నాను. “ఇంతవరకు ఎవురూ అడగలేదే” అనుకుంటూ తాళం తీశాడు.

ఇట్లు,
ఒక మాజీ అసిస్టెంట్ ప్రొఫెసర్,
తిరుపతి